క్రిస్మస్ కానుక ఎవరికి ఇవ్వాలి, ఏది ఇవ్వాలి: వరంగల్ వైపు కుటుంబాలకు ఒక పోలిక

డిసెంబర్ వచ్చి ఇళ్ల మీద స్టార్లు వెలగడం మొదలైతే చాలు, కాజీపేట, హనుమకొండ వైపు చాలా ఇళ్లలో ఒక మాట వినిపిస్తుంది: "ఈసారి మనం కూడా పేద పిల్లలకు ఏమన్నా ఇద్దాం." మాట మంచిదే. ఆ తర్వాత జరిగేది మాత్రం ఏ ఇంట్లోనైనా దాదాపు ఒకటే. పెద్ద కేక్ ఒకటి ఆర్డర్ ఇస్తారు, పెన్నులు, బిస్కెట్ ప్యాకెట్లు కొంటారు, 25న ఆరాధన అయ్యాక అందరూ కొత్త బట్టల్లోనే అనాథాశ్రమానికి వెళ్తారు. అరగంట ఉండి, నాలుగు ఫొటోలు దిగి, బిర్యానీ వేళకు ఇంటికి చేరతారు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మన ముందున్న దారుల్లో అన్నిటికన్నా తక్కువ ఫలితం ఇచ్చేది ఇదే. మనం ఏం కొనాలా అని ముందు ఆలోచిస్తాం, ఎవరికి అన్నది చివర్లో చూస్తాం. అది తిరగేయాలి. డిసెంబర్‌లో ఎవరి గడప ఎవరూ తొక్కరో ముందు చూసుకుంటే, ఏం కొనాలో వాళ్లే చెప్తారు.

బాలల గృహాలు

తల్లిదండ్రులు లేని పిల్లలు, ఉన్నా చూసుకోలేని ఇళ్ల పిల్లలు ఉండే గృహాలు మన వైపు చాలానే ఉన్నాయి. కొన్ని మిషన్లవి, కొన్ని ట్రస్టులవి, కొన్ని ప్రభుత్వానివి. వాటికి అవసరం ఏడాదంతా ఉంటుంది. దాతలు మాత్రం క్రిస్మస్‌కు, న్యూ ఇయర్‌కు మధ్య బారులు తీరుతారు.

ఒకసారి 25న మధ్యాహ్నం అలాంటి ఒక హాల్లో ఉన్నాను. టేబుల్ మీద సగం కోసిన కేక్ ఒకటి, ఇంకా డబ్బా విప్పని కేకులు రెండు. కొత్తగా ఒక కుటుంబం లోపలికి రాగానే వార్డెనమ్మ చప్పట్లు కొట్టింది. పిల్లలు లేచి వరుసలో నిలబడి, పొద్దున నుంచి వచ్చిన వాళ్లందరికీ పాడిన పాటే మళ్లీ పాడారు. ముందు వరుసలో ఒక చిన్న పాప, క్రీమ్ అంటిన పేపర్ ప్లేట్ ఎక్కడ పెట్టాలో తోచక వీపు వెనక దాచుకుని పాడింది. వచ్చిన వాళ్లది తప్పని అనను, వార్డెనమ్మది అసలే కాదు. కానీ ఆ రోజు ఆ హాల్లో ఎవరూ పిల్లల కోసం లేరు, పిల్లలే అందరి కోసం ఉన్నారు.

బాలల గృహానికే ఇవ్వాలనుకుంటే తేదీ మార్చండి. సెమీ క్రిస్మస్‌లు మొదలయ్యే ముందే, అంటే నవంబర్ చివర్లో, ఫోన్ చేసి "మీకు ఏం కావాలి?" అని అడగండి. వచ్చే జవాబు వింటే ఆశ్చర్యం వేస్తుంది. బెడ్‌షీట్లు, టవళ్లు, బనియన్లు, డ్రాయర్లు, ఆడపిల్లలుంటే శానిటరీ ప్యాడ్లు, వంటింట్లోకి పెద్ద కుక్కర్. వీటిని ఎవరూ రంగు కాగితం చుట్టి తీసుకురారు, అందుకే ఎప్పుడూ కొరతే. వీటితో పాటు అందరూ ఆడుకునేవి కూడా కొనండి: క్యారమ్ బోర్డు, షటిల్ బ్యాట్లు, వాలీబాల్. యాభై మందికి యాభై చిన్న బొమ్మలు కొనే కన్నా రెండు మంచి క్యారమ్ బోర్డులు ఎక్కువ కాలం పని చేస్తాయి. పౌడర్ డబ్బా కూడా ఇవ్వడం మర్చిపోకండి, అది లేని క్యారమ్ బోర్డు మూల పడుతుంది.

రెండు చట్టం సంగతులు తెలిసి ఉండాలి. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం ఇలాంటి గృహం ఏదైనా రిజిస్టర్ అయి ఉండాలి. సర్టిఫికెట్ చూపించమని మర్యాదగా అడగవచ్చు. నడుపుతున్న వాళ్లు నీళ్లు నమిలితే అక్కడే ఆగి, జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో వాకబు చేయండి. రెండోది ఫొటోలు. అదే చట్టంలోని 74వ సెక్షన్ సంరక్షణ అవసరమైన పిల్లల పేరు, ఫొటో, గుర్తుపట్టే వివరాలు ఏ మాధ్యమంలోనూ బయటపెట్టకూడదంటుంది. ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. వాట్సాప్ స్టేటస్ పెట్టే ముందు ఇది గుర్తుంచుకోండి. చట్టం సంగతి పక్కన పెట్టినా, చేయి చాచిన ఫొటో పదేళ్ల తర్వాత తన స్నేహితులకు కనపడాలని ఏ పిల్లాడూ కోరుకోడు.

సర్కారు హాస్టళ్లు, ఆశ్రమ పాఠశాలలు

ఇక్కడ అవసరం ఎక్కువ, వచ్చే దాతలు తక్కువ. ఎస్సీ, ఎస్టీ, బీసీ హాస్టళ్లు, కస్తూర్బా విద్యాలయాలు, ఏటూరునాగారం, ఉట్నూరు ఐటీడీఏల (గిరిజనాభివృద్ధి సంస్థల) కింద నడిచే ఆశ్రమ పాఠశాలలు. ప్రభుత్వం భోజనం పెడుతుంది, పుస్తకాలు, యూనిఫాం ఇస్తుంది, సబ్బు, నూనెలకు కాస్మెటిక్ చార్జీలు ఇస్తుంది. కాబట్టి నోట్‌బుక్కులు, సబ్బులు తీసుకెళ్తే ఉన్నదే మళ్లీ ఇచ్చినట్టవుతుంది.

చాలా చోట్ల కొరత చలి బట్టకే. ఆదిలాబాద్, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాల్లో డిసెంబర్, జనవరి రాత్రుల్లో పది డిగ్రీల లోపుకు పడిపోవడం మామూలే. ములుగు ఏజెన్సీ వైపు కూడా తెల్లవారుజామున గజగజ వణుకుతారు. ఒక ఆశ్రమ పాఠశాల వార్డెన్ గారు ఫోన్‌లో అన్న మాట ఇది: "కేకులు వద్దు సార్. పిలగాండ్లు పొద్దుగాల చన్నీళ్లతోని స్నానం చేస్తున్నరు. స్వెట్టర్లు గానీ, మంకీ క్యాపులు గానీ ఉంటే చెప్పండి." ఇంతకన్నా సూటి సలహా నేను ఇవ్వలేను.

ఇబ్బందులూ ఉన్నాయి. వార్డెన్ అనుమతి లేకుండా లోపలికి పోలేరు. ఆడపిల్లల హాస్టళ్లలోకి బయటివాళ్లను, ముఖ్యంగా మగవాళ్లను రానివ్వరు, అది సరైన పనే. వండిన తిండి తీసుకెళ్లకండి. ఫుడ్ పాయిజన్ వార్తలు వచ్చాక వార్డెన్లకు ఆ టెన్షన్ చాలా ఉంది, పిల్లల్లో ఎవరికి కడుపునొప్పి వచ్చినా మాట వాళ్ల మీదికే వస్తుంది. ఇంకో సంగతి, హాస్టల్‌లో వంద మంది ఉంటే పాతిక మందికే ఇస్తామంటే కుదరదు. పాతిక స్వెట్టర్ల డబ్బే ఉంటే, చిన్న తరగతులకు మాత్రమే అని ముందే మాట్లాడుకోవాలి. లేదా నలుగురైదుగురు బంధువులు కలవాలి. ఒక్క కుటుంబానికి ఇది బరువు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, ఒక సంఘంలోని పది ఇళ్లు కలిస్తే ఇదే నా మొదటి ఎంపిక.

పదో తరగతి పిల్లలున్న చోట ఇంకో దారి ఉంది. మార్చిలో పరీక్షలు, సాయంత్రాలు స్పెషల్ క్లాసులు. పరీక్ష ప్యాడ్, మంచి కంపాస్ బాక్స్, రెండు నాణ్యమైన పెన్నులు, పల్లీ పట్టీల డబ్బా ఒకటి. డబ్బు పెద్దగా కాదు, సరిగ్గా అక్కరకు వచ్చే వేళ అందుతాయి.

ఇటుక బట్టీల పిల్లలు

ఎక్కువ మందికి తోచని దారి ఇది. పెద్దపల్లి, కరీంనగర్ వైపు ఇటుక బట్టీల్లో పని చేయడానికి ఒడిశాలోని బలంగీర్, నువాపాడా జిల్లాల నుంచి కుటుంబాలు చలికాలం మొదట్లో వచ్చి వేసవి అయ్యేదాకా ఉంటాయి. పిల్లలు కూడా వెంటే వస్తారు. క్రిస్మస్ నాటికి వాళ్లు బట్టీ పక్కన గుడిసెల్లో ఉంటారు, చుట్టూ తడి మట్టి, కాళ్లకు చాలామందికి చెప్పులుండవు. ఊళ్లో ఎవరికీ వాళ్లు బంధువులు కాదు, ఏ లిస్టులోనూ వాళ్ల పేర్లుండవు.

అయితే జాగ్రత్తగా వెళ్లాలి. బట్టీ యజమానితోనో, మేస్త్రీతోనో ముందే మాట్లాడుకోండి. వాళ్లతో వాదనకు దిగితే ఆ కోపం తర్వాత కూలీల మీదికి పోతుంది. తెలుగు కథల పుస్తకాలు అక్కడ పనికిరావు, పిల్లలు ఒడియా మాట్లాడతారు. చెప్పులు, స్వెట్టర్లు, దుప్పట్లు, పళ్లు, ఉడకబెట్టిన గుడ్లు, ఒక బంతి చాలు. బంతికి భాష అక్కర్లేదు. అక్కడ చదువు మానేసి పని చేస్తున్న పిల్లలు కనపడితే అది కానుకతో తీరే సంగతి కాదు, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయాలి.

వాళ్లు ఏ దేవుడిని కొలుస్తారో మనకు తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. క్రైస్తవ కుటుంబాలకు నా మనవి ఒకటే: కానుకతో పాటు కరపత్రం పెట్టకండి. స్వెట్టర్ తీసుకున్నందుకు ఇంకేదో వినాలి అన్న ఇబ్బంది ఎదుటివాళ్లకు కలగకూడదు. బట్టీ దగ్గరే కాదు, హాస్టల్‌లోనూ అంతే.

మనకు తెలిసిన పిల్లలు

ఇంట్లో పదేళ్ల లోపు పిల్లలుండి, బడ్జెట్ రెండు మూడు వేలైతే, నేను దూరం వెళ్లమనను. మీ ఇంట్లో పని చేసే అక్క పిల్లలు, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ పిల్లలు, మీ సండే స్కూల్‌లో తండ్రి పోయిన పిల్ల. ఇక్కడ మీకు పేరు తెలుసు, ఏ తరగతో తెలుసు, చెప్పు ఎక్కడ తెగిందో కూడా తెలుసు. వేరే ఏ దారిలోనూ ఇంత సమాచారం దొరకదు. పైగా జనవరిలో కూడా ఆ పిల్లలు మీ కళ్ల ముందే ఉంటారు.

దీనిలో చిక్కు మొహమాటం. రోజూ చూసుకునే మనుషుల మధ్య కానుక భారంగా మారవచ్చు. అందుకే పిల్లల చేతికి కాకుండా తల్లి చేతికి ఇవ్వండి, క్రిస్మస్ పొద్దున తనే ఇచ్చుకుంటుంది. "అక్కా, పిల్లలకు తీసుకున్నం, నీ దగ్గర పెట్టుకో, పండుగనాడు నువ్వే ఇయ్యి" అంటే సరిపోతుంది. పండుగ బోనస్ వేరు, ఇది వేరు. బోనస్ కింద ఇవ్వాల్సిన డబ్బు తగ్గించి ఫ్రాక్ కొనివ్వడం కానుక అనిపించుకోదు.

ఇక్కడే ఒక పెద్ద సాయం ఉంది, దానికి మీ జేబులో నుంచి రూపాయి కూడా అక్కర్లేదు. మిషన్ వాత్సల్య కింద కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు కలిసి ఇచ్చే స్పాన్సర్‌షిప్ పథకం నెలకు ఒక్కో బిడ్డకు 4000 రూపాయలు. భర్త చనిపోయిన లేదా వదిలేసిన తల్లుల పిల్లలు, అమ్మానాన్నలు లేక తాతా అమ్మమ్మల దగ్గర పెరుగుతున్న వాళ్లు, ప్రాణాంతక జబ్బుతో ఉన్న తల్లిదండ్రుల పిల్లలు దీనికి అర్హులు. కుటుంబ ఆదాయం ఏడాదికి పల్లెల్లో 72,000, పట్టణాల్లో 96,000 రూపాయలు మించకూడదు. దరఖాస్తు జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో ఇవ్వాలి. నిధులను బట్టి ఎంపిక ఉంటుంది, అందరికీ వస్తుందని చెప్పలేం. కానీ చాలామంది తల్లులకు ఈ పథకం ఉందనే తెలియదు. ఒక పూట సెలవు పెట్టి, ఆధార్, మరణ ధ్రువపత్రం, ఆదాయ పత్రం జిరాక్సులు తీయించి, ఆమెను వెంటబెట్టుకుని ఆఫీసుకు వెళ్లండి. ఏ ఫ్రాకూ దీనికి సాటి రాదు.

సంస్థకు డబ్బు పంపడం

ఉద్యోగాలతో తీరిక లేని వాళ్లకు, దూరంలో ఉన్న వాళ్లకు ఇది సులువు. వస్తువు కన్నా డబ్బు సంస్థకు ఎక్కువ పనికొస్తుంది, ఫీజో మందులో కట్టుకుంటారు. పన్ను మినహాయింపు కావాలంటే విరాళాలకు ఆ గుర్తింపు (80జీ అని పిలిచేది) ఉన్న సంస్థ చూసుకోండి. ఆ మినహాయింపు పాత పన్ను విధానంలో ఉన్న వాళ్లకే. 2000 రూపాయలు దాటిన నగదుకు రాదు, వస్తువుల రూపంలో ఇచ్చిన దానికి అసలే రాదు. కుటుంబంగా కలిసి చేసే పనిగా చూస్తే మాత్రం ఇది అన్నిటికన్నా చప్పటిది. ఫోన్‌లో నాన్న ఒక బటన్ నొక్కితే పిల్లలకు ఏం అర్థమవుతుంది?

బట్టలా, బూట్లా, బొమ్మలా

బట్టలు కొనేటప్పుడు వయసు అడిగితే చాలదు, సైజు నంబర్ అడగండి. హాస్టల్ పిల్లలు వయసుకు తగ్గట్టు ఉండరు, పదేళ్ల పిల్లాడికి ఎనిమిదేళ్ల వాడి చొక్కా పట్టవచ్చు. అనుమానం ఉంటే ఒక సైజు పెద్దదే తీసుకోండి. వరంగల్ చౌరస్తా వైపు హోల్‌సేల్ దుకాణాల్లో పది, పదిహేను కలిపి తీసుకుంటే రేటు తగ్గిస్తారు. సైజు సరిపోకపోతే మార్చుకుంటామని ముందే బిల్లు మీద రాయించుకోండి. డిసెంబర్ 20 దాటాక ఆ రద్దీలో ఎవరూ వినరు.

అందరికీ ఒకే రంగు, ఒకే డిజైన్ కొనడం నాకు నచ్చదు. సులువే, చవకే, కానీ చూడగానే యూనిఫాంలా ఉంటుంది. నాలుగు రంగులు తీసుకుని పిల్లల్నే ఎంచుకోనివ్వండి. ఎంచుకునే అవకాశం వాళ్లకు ఏడాదిలో ఎన్నిసార్లు వస్తుంది కనుక.

బూట్లు, చెప్పులు ఇస్తే బట్టల కన్నా మేలు, కొనడం మాత్రం కష్టం. సైజు నంబర్ పిల్లలకు తెలియదు, చెప్పినా తప్పు చెప్తారు. దీనికి పాత పద్ధతే మంచిది. తెల్ల కాగితం నేల మీద పెట్టి, పిల్లాడిని దాని మీద నిటారుగా నిలబెట్టి, మడమ నుంచి బొటనవేలు చుట్టూ పెన్సిల్‌తో గీయాలి. కూర్చోబెట్టి గీస్తే కొలత తగ్గుతుంది, నిలబడినప్పుడే పాదం పూర్తిగా పరుచుకుంటుంది. గీతల మధ్య పేరు, తరగతి రాసి ఆ కాగితాలే షాపుకు తీసుకెళ్లండి. షాపతను కాగితం మీద చెప్పు పెట్టి చూసి, బొటనవేలి ముందు కొంచెం జాగా వదిలి ఇస్తాడు. పాదం గీసే పని మీ పిల్లలకు అప్పగించండి. చక్కిలిగింతలకు రెండు వైపులా నవ్వులే నవ్వులు, అప్పటికే స్నేహం సగం అయిపోతుంది.

బొమ్మల విషయంలో ఒకటే పట్టుదల: ఐఎస్ఐ గుర్తు. 14 ఏళ్ల లోపు పిల్లల బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి అది తప్పనిసరి. ఫుట్‌పాత్ మీద కిలోల లెక్కన దొరికే ప్లాస్టిక్ బొమ్మల రంగు చేతికి అంటుతుంది, విరిగితే కోసుకుంటుంది. మూడేళ్ల లోపు పిల్లలున్న చోటికి గోలీలు, బటన్ బ్యాటరీ ఉన్నవి అసలు వద్దు. మన నిర్మల్ బొమ్మలు చూడముచ్చటగా ఉంటాయి గానీ, అవి షోకేసుకే. పొణికి చెక్క తేలిక, పిల్లల ఆటకు తట్టుకోదు.

ఇంట్లో వాడేసిన బొమ్మలు, బిగుతైన బట్టలు పండుగ కానుకలో కలపకండి. ఉతికి, ఇస్త్రీ చేసి, వేరే రోజు, అడిగి ఇవ్వండి. అవసరం, సరదా రెండూ ఉండాలి అన్నది నా లెక్క. వట్టి స్వెట్టరే ఇస్తే అది సాయం అవుతుంది, దానితో ఒక రంగుపెన్సిళ్ల డబ్బానో, స్కిప్పింగ్ తాడో ఉంటే పండుగ అవుతుంది.

మన పిల్లల వంతు

డోర్నకల్ వైపు పాత క్రైస్తవ ఇళ్లలో ఒక అలవాటు ఉండేది. అన్నం వండే ముందు ఇంటి ఇల్లాలు గుప్పెడు బియ్యం తీసి వేరే కుండలో వేసేది, అది ఆదివారం గుడికి చేరేది. 1912లో డోర్నకల్ బిషప్ అయిన అజరయ్య గారు ఇవ్వడం గురించి ఎంతో చెప్పింది ఇలాంటి నిరుపేద సంఘాలకే. క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాల ఆగమన కాలానికి ఈ పద్ధతి చక్కగా అతుకుతుంది. డబ్బులు దాచుకునే మట్టి గల్లగురిగి ఒకటి కొనండి. బయట తినాలనుకున్నది మానుకున్న రోజు ఆ డబ్బు అందులో వేయండి. పిల్లలు వాళ్ల ఐస్‌క్రీమ్ డబ్బులు వేస్తారు, వేయకపోయినా ఒత్తిడి చేయకండి. దాన్ని పగలగొట్టి లెక్కపెట్టే రోజు ఇంట్లో అందరూ ఉండాలి. షాపులో తన వయసు పిల్లకు కొనేది మీ పాపనే ఎంచనివ్వండి. తనకు నచ్చిన గులాబీ రంగు ఫ్లాస్కును వేరే పిల్లకు ఇవ్వడానికి కొంచెం మథనపడుతుంది, పడనివ్వండి. అక్కడ పెద్దవాళ్లు ప్రసంగం మొదలుపెట్టకూడదు.

ఇచ్చే చోట మీ పిల్లల్ని వేదిక మీద నిలబెట్టి వాళ్ల చేత పంచించకండి. తొమ్మిదేళ్ల వాడు తొమ్మిదేళ్ల వాడికి దానం చేస్తున్నట్టు ఉంటే ఇద్దరికీ సిగ్గే. సంచులు వార్డెన్‌కు అప్పజెప్పి, క్యారమ్ బోర్డు విప్పి, నలుగురూ కూర్చుని ఆడుకోమనండి.

ఈ పాటికే డిసెంబర్ 22 అయిపోయి, ఎవరినీ అడగడానికి టైం లేకపోతే, కంగారులో కేక్ కొనకండి. తెలిసిన అక్క పిల్లలకు ఏదైనా తీసుకుని, మిగతా డబ్బు పక్కన పెట్టండి. సంక్రాంతి సెలవుల్లో హాస్టల్ పిల్లలంతా ఇళ్లకు పోతారు, బాలల గృహాల్లో వెళ్లడానికి ఇల్లు లేని వాళ్లు మిగులుతారు. ఆ వారంలో అటు ఎవరూ రారు. అప్పుడూ కుదరకపోతే జూన్‌లో బడులు తెరిచేటప్పుడు స్కూల్ బ్యాగులు, బూట్లకు ఆ డబ్బు పనికొస్తుంది. ఏ సైజులు కావాలో మే నెలాఖరులోనే ఫోన్ చేసి కనుక్కోండి.